రాకాసికి పెట్టిన బొట్టు

మొన్న ఇంటికి కొత్త పరుపు వచ్చింది. ప్లాస్టిక్ కవరు కోయగానే రబ్బరు వాసన గదంతా కమ్ముకుని, దాని వెనకే మద్రాసు చూలైలో మా నాన్న వర్క్‌షాపు గుర్తుకొచ్చింది. ఆ రేకుల షెడ్డులో ముక్కు మండించే రబ్బరు పాల వాసన, తడి ప్లాస్టర్ వాసన, పక్క కొట్లో వేగే బొరుగుల వాసన ఎప్పుడూ కలిసే ఉండేవి. నాన్న నాటకాలవాళ్ళకీ సినిమావాళ్ళకీ రబ్బరు ముఖాలు పోతపోసేవాడు. గోడకు సింహం తలలు, రాక్షసుల కోరలు, తెగిన చేతులు వేలాడుతుంటే ఆయుధపూజనాడు నేను ఒక్కొక్కదానికీ గంధం చుక్క పెట్టి, వచ్చినవాళ్ళకు బొరుగులూ బెల్లమూ శనగ గుగ్గిళ్ళూ పంచేదాన్ని.

నాన్నకు ఆ రాకాసి సినిమా పని నా తొమ్మిదో ఏట వచ్చింది. పేరు రాయను. చెప్పుకుని నవ్వుకునే సినిమాల్లో అది మొదటి వరసలో ఉంటుంది కనక, కథ చెబితేనే చాలామందికి తెలిసిపోతుంది. ఏదో నక్షత్రం నుంచి రాలిపడిన రాకాసి రాయపురం సముద్రంలోంచి లేచి ఊరిమీద పడుతుంది. అప్పటిదాకా నాన్న ఎవరో గీసిచ్చిన బొమ్మ చూసి పోసినవాడే. ఈ రాకాసిని మాత్రం తన తలలోంచి తియ్యమన్నారు. ఆయన రోజూ చేపల రేవుకు పోయి మొప్పలు ఎత్తి చూసి వచ్చేవాడు. అన్నం తింటూ తింటూ ఆగి, వేళ్ళు గోళ్ళలా వంచి చూసుకునేవాడు.

"చూసినోడికి గుండె జల్లుమనాల. ఒక్కసారన్నా," అన్నాడు అమ్మతో.

కార్తీకం వానలకు రబ్బరు ఆరేది కాదు. మిద్దెమీద పరిచిన పొలుసులను చినుకు పడినప్పుడల్లా నేనూ అమ్మా పరిగెత్తి ఎత్తుకొచ్చేవాళ్ళం.

ముహూర్తం నాటి పొద్దున రాయపురం ఒడ్డున కొబ్బరికాయ కొట్టి, కెమెరాకు హారతిచ్చాక, నిర్మాత తల్లి, బాగా పెద్దావిడ, కుంకుమ భరిణెతో నేరుగా రాకాసి దగ్గరికి నడిచివచ్చి దాని నుదుట రూపాయంత బొట్టు పెట్టింది.

నాన్న చేతులు కట్టుకుని, "అమ్మా, ఇది వేరే లోకంది. దీనికి బొట్టుండగూడదు," అన్నాడు.

"యే లోకందైతే యేం నాయనా, ఈడికొచ్చినాక మన బిడ్డే గదా. మొదటి షాటుకే బోసిమొగం పెడతారా యెవురన్నా?"

ఆవిడ హాస్యానికి అనలేదు. డైరెక్టరు నాన్న వైపు చూసి, తరవాత సముద్రం వైపు చూశాడు. ఆ బొట్టుతోనే షాటు తీశారు. ముహూర్తపు షాటు కత్తిరిస్తే అశుభమని నిర్మాత పట్టు. అందులో ఉన్న బొట్టు తరవాతి షాటులో లేకపోతే ఎలాగని డైరెక్టరు. ఆ ఇద్దరి మధ్య రాకాసికి సినిమా పొడుగునా బొట్టు ఖాయమైంది. రోజూ పొద్దున్నే ఎర్ర రంగుతో దాన్ని దిద్దింది నాన్నే, చెయ్యి వణక్కుండా, గుండ్రంగా.

మిగతా కష్టాలన్నీ ఆ తరవాత వరసగా వచ్చాయి. మనిషి దూరి నడిపే ఆ రాకాసి తొడుగు ఉప్పునీళ్ళు పీల్చి బండరాయంత బరువెక్కింది. లోపలున్న వస్తాదు మూడోనాడే సొమ్మసిల్లి పడిపోయి మళ్ళీ రాలేదు. రేవు కుక్కలు రాకాసి తోక పీక్కుపోయాయి. హీరో మరో సినిమాకు వెళ్ళిపోతే వేరే మనిషి వీపు చూపించి కథ నడిపారు. డైరెక్టరు మారాడు. తొడుగు ఇంకెవరికీ పట్టకపోయేసరికి చివరికి నాన్నే అందులో దూరాడు.

విడుదలైన రోజు ముగ్గురం మ్యాటినీకి వెళ్ళాం. రాకాసి అలల్లోంచి తల ఎత్తినప్పుడు హాలు ఒక్క క్షణం కిక్కురుమనలేదు. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అంతలో జుట్టులా వేలాడే నాచు పక్కకి జరిగి బొట్టు కనబడింది. వెనక వరసలోంచి ఎవరో అరవంలో తాపీగా, "వాంగ మాప్పిళ్ళై," అన్నాడు, రండి పెళ్ళికొడుకుగారూ అన్నట్టు. హాలంతా విరగబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పెదవి కొరుక్కున్నాను, అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను, ఆగలేదు. నాన్న నా చెయ్యి వదల్లేదు. నా ఒళ్ళు అదరడం ఆ చేతికి తెలుస్తూనే ఉంది.

రిక్షాలో తిరిగొస్తూ ఆయన అడిగింది ఒక్కటే.

"నీకన్నా బయమేసిందా పాపా?"

"ఏసింది నాయనా."

"సరి," అన్నాడు.

ఆ తరవాత కూడా ముఖాలు పోశాడు, ఎవరో గీసిచ్చిన బొమ్మలు చూసి.

ఇప్పుడు చూలైలో ఆ షెడ్డు లేదు, ఆ హాలు కల్యాణమండపమైంది. తొడుగు ఎప్పుడో ఎండకు పొడిపొడిగా రాలిపోయింది. నాన్నా లేడు. పోయిన నెల కొందరు పిల్లలు చిన్న హాలొకటి మాట్లాడుకుని, నవ్వుకోవడానికే ఆ సినిమా వేస్తున్నారని తెలిసి వెళ్ళాను. గుమ్మంలో అందరి నుదుటా ఎర్ర స్టిక్కరు అతికిస్తున్నారు. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీక్కూడా ఆంటీ," అంటే నుదురు వంచాను.

మా నాన్న కదిలే బొమ్మ మా దగ్గర మరొకటి లేదు. దీంట్లోనూ ముఖం కనబడదు. కానీ ఇసుకలో కుడిపాదం కొంచెం బయటికి వేసి, భుజం వంచి నడిచే ఆ నడక ఆయనదే. ఆ నడకకే పిల్లలు ఎక్కువ నవ్వారు. పక్కన కూర్చున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నా మోచెయ్యి తట్టింది.

"ఆంటీ, ఎట్లా నడుస్తున్నాడో చూడండి."

"చూస్తున్నానమ్మా," అన్నాను.