మా వైపు లేదన్న జబ్బు

పదో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. బిడ్డకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుందని బల్ల గుద్ది మరీ చెప్పినవాణ్ణి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే నా సంగతే.

మా అమ్మాయికి ముప్పై ఆరేళ్ళకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. విశాఖలో ఆపరేషన్ చేయించి ముక్తేశ్వరంలో మా ఇంటికి తెచ్చుకున్నాం. వారం తిరక్కుండా వియ్యాలవారు చూడటానికి వచ్చారు. మా చెల్లెలు అంతకుముందే రాజోలు నుంచి వచ్చి వంటింట్లో సాయం చేస్తోంది. కాఫీలయ్యాక వియ్యపురాలు అడిగింది.

"మీ ఇళ్ళల్లో ఇదివరకు ఎవరికైనా ఉందాండీ అన్నయ్యగారూ?"

ఆవిడ మామూలుగానే అడిగింది. నేనే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

"మా వైపు అలాంటివి లేవండీ. మా అత్తగారు క్యాన్సర్‌తోనే పోయేరు. అటు నుంచే వచ్చుంటుంది."

మా అత్తగారు అడ్డపొగ తాగేవారు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చీ కాల్చీ ఆవిడకు అంగిట్లో పుండు పడింది. దానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. ఇంకోటి అంతకంటే బాగా తెలుసు. మా మేనత్త నలభై నిండకుండా రొమ్ము మీద పుండుతో పోయింది. ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్నారని మా నాయనమ్మ ఊరందరికీ పచ్చకామెర్లని చెప్పింది. మేమూ ఆ మాటే నేర్చుకున్నాం.

నా భార్య ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. వంటింటి గుమ్మంలో మా చెల్లెలు నిలబడి ఉంది.

కొన్నాళ్ళకు అమ్మాయి రక్తపరీక్షలో ఒక జన్యువులో తేడా ఉందని తేలింది. ఒంట్లో కణాలు ఇష్టం వచ్చినట్టు పెరిగి గడ్డ కట్టకుండా కాపలా కాసే జన్యువు అది. ఎవరి నుంచి వచ్చిందో తెలిస్తే ఆ వైపు వాళ్ళు జాగ్రత్త పడొచ్చని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మా ఇద్దరి రక్తమూ తీయించింది. నా భార్యకు లేదు. నాకుంది.

"తోబుట్టువులున్నారా అండీ? వాళ్ళకి వెంటనే చెప్పండి" అంది డాక్టరమ్మ.

"ఆయ్, ఒక్క చెల్లెలండీ. చెప్తానండీ" అన్నాను.

చెప్పలేదు. ఆ కాగితం బీరువాలో బట్టల కింద పెట్టాను. చెబితే ఆ నోటా ఈ నోటా వియ్యాలవారి దాకా పోతుందని సిగ్గు. ఇరవై రోజులు అలా గడిచాక నా భార్యే ఫోను తెచ్చి చేతిలో పెట్టింది.

"మా అమ్మనన్న మాట తర్వాత చూసుకుందామండీ. ముందు మీ చెల్లెలికి చెప్పండి."

చెప్పాను. మేనత్త సంగతి, నా కాగితం సంగతి, దాచిన సంగతి కూడా చెప్పాను. నువ్వొకసారి పరీక్ష చేయించుకోవాలమ్మా అన్నాను.

"నాకు ఎడమవైపు గడ్డ తగిలి నాలుగు నెలలైందన్నయ్యా. అమ్మాయిని చూడ్డానికి వచ్చినప్పుడే చెబుదామనుకున్నాను. ఈలోగా నువ్వు వాళ్ళతో మన వైపు లేదన్నావు. నాకుందని బయటపెడితే వాళ్ళ ముందు నీ మాట పోతుందని ఊరుకున్నాను."

మర్నాడు పొద్దున్నే కారు తీసుకుని రాజోలు వెళ్ళి, చెల్లెల్ని విశాఖ తీసుకెళ్ళాను.

గడ్డ చంకలోకి కూడా పాకిందని డాక్టరమ్మ చెప్పింది. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారమ్మా అని దాన్ని కాస్త గట్టిగానే అడిగింది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నోరు విప్పాల్సింది నేను.

మా చెల్లెలు నా వైపు చూడకుండా, "తెలీకండీ" అంది.