వసుంధర గీకిన పీక

వసుంధర సన్నాయి నేర్చుకుంటానన్నప్పుడు ఆమెకు నలభై రెండేళ్లు. పులివెందులలో గుమాస్తా ఉద్యోగం. ఎవరి పెళ్లిలోనో ఒక ముసలాయన మెత్తగా వాయిస్తుంటే విని, ఆ నాదం తన ఊపిరితో పలకాలని పట్టుబట్టింది. దొరికిన గురువు మాత్రం జమ్మలమడుగు ఆదినారాయణ. నలభై ఏళ్లుగా పెళ్లిపందిళ్ల గోలను దాటి వినిపించాలని వాయించినవాడు. ఆయన సన్నాయి చెవిలో గుచ్చుకునేది.

ప్రతి ఆదివారం ముద్దనూరు మీదుగా బస్సులో ఆయన దగ్గరికి పోయేది. రెండేళ్లయినా సరళీ స్వరాలు, జంట స్వరాలు, నాలుగు గీతాలు. అంతే.

"సార్, నాదం మెత్తగా రావాలంటే ఏం చేయల్ల?" అని ఒకసారి అడిగింది.

"తాళం వెయ్యల్ల," అన్నాడు ఆదినారాయణ.

ఆమెకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి సన్నాయికి తగిలించే రెల్లు పీకను బ్లేడుతో పలచగా గీకింది. పది పీకలు పాడయ్యాక పదకొండోది పలికింది. అచ్చం తాను కోరుకున్నట్టే! ఆ సంగతి గురువుకు చెప్పలేదు.

ప్రొద్దుటూరులో బదరీనారాయణ అనే వ్యాపారి కొత్త బట్టలకొట్టు తెరుస్తుంటే ఆదినారాయణ ఆమెను వెంటబెట్టుకుపోయాడు. "ఒక గీతం నువ్వే వాయించుమ్మా," అన్నాడు. వసుంధర తన పలచటి పీక తగిలించింది.

మొదటి వరసకే వ్యాపారి తల్లి శకుంతలమ్మ తలెత్తింది. "ఎంత తియ్యగుందమ్మా!" అంది. ఆ మాటతో వసుంధర ఒక్కో స్వరం మీద ఇంకొంచెం ఇంకొంచెం నిలిచింది. డోలు వాయించే నరేష్ తాళం ఒక చుట్టు ముగించి చూస్తే ఆమె ఇంకా వెనకే ఉంది. అతను ఆగి, మళ్లీ అందుకున్నాడు, మళ్లీ ఆగాడు. ఈలోగా పీక నోటి తడికి నాని శ్రుతి దిగిపోయింది. శ్రుతిపెట్టె ఒక దారి, సన్నాయి ఒక దారి. ఆదినారాయణ తన సన్నాయి ఎత్తి, ఆమె వదిలిన చోట అందుకుని ముగించాడు.

బస్టాండుకు నడుస్తుండగా ఆయనే కదిలించాడు. "ఏందమ్మా అట్ల వాయించినావు? తాళం యాడికి పోయింది?"

"నా నాదానికి తలెత్తి చూసినారు సార్. మీరు వాయించేటప్పుడు ఒక్కరన్నా చూసినారా?"

అనేశాక నాలుక కరుచుకుంది. ఆయన నిలబడిపోయాడు.

"చూడల్యా. నేను ఆపింటే మాత్రం చూసేవోళ్లు," అని జమ్మలమడుగు బస్సెక్కాడు.

వారమంతా ఆమెకు ఆఫీసులో చెయ్యి ఆడలేదు. తప్పు తనదని తెలుసు. ఆనాటి వాయింపును నరేష్ ఫోనుకు పంపితే, అది వింటే ఇంకా బాగా తెలిసింది. తియ్యగా, తప్పుగా వాయించింది. కానీ ఆ తియ్యదనం అబద్ధమూ కాదు. దాని గురించి ఆయన ఒక్క మాటైనా అనలేదే!

ఆదివారం ఎప్పటిలాగే జమ్మలమడుగు పోయింది. క్షమాపణ నోటిదాకా వచ్చింది కానీ ఆదినారాయణ వినే తీరులో లేడు. లావుపాటి పీక ఒకటి చేతికిచ్చి, తొడ మీద తాళం మొదలుపెట్టాడు. "సరళీ. మూడు కాలాలు."

బొంగురు గొంతుతో సన్నాయి అరిచింది. వేగం రెట్టింపయ్యే రెండో కాలంలోనే ఆమె తప్పింది.

"మొదట్నుంచి," అన్నాడాయన.

వసుంధర కన్నీళ్లు కోపంతోనే తుడుచుకుని మళ్లీ ఊదింది.