మగ్గం గుంతలో సాలెపురుగు

మెట్రిక్ తప్పిన ఏడాది నేను దేవరకొండలో మా బాపు మగ్గం మీద కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గాని కాలు ఒకచోట నిలిచేది కాదు. తెగిన పోగు అతికేలోపల రెండుసార్లు వీధిలోకి వెళ్ళివచ్చేవాణ్ణి.

ఎండాకాలంలో, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంత గోడలు మట్టితో మెత్తుతుంటే మట్టిపెళ్ళ వెనక శనగగింజంత సాలెపురుగు ఒకటి బయటపడింది. ఒంటినిండా నూగు. మూలల్లో గూడు అల్లే రకం కాదు, బొరియలో ఉండేది. మా ఊరి ఖిల్లా రాళ్ళ సందుల్లో ఇదే జాతిది అరచెయ్యంత ఉంటుందని బాపు చెప్పాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. కిరాణా దుకాణంలో ఖాళీ బిళ్ళల సీసా అడిగి తెచ్చి, అడుగున గుంత మట్టి పోసి, దాన్ని అందులో వదిలి, మూతికి పలుచటి గుడ్డ కట్టాను. చల్లదనం ఉంటుందని సీసాను గుంతలోనే ఒక పక్కన పెట్టాను. అది అరచెయ్యంత కావడం చూడాలి.

అది పెరగలేదు. రోజూ సీసా ఎత్తి, నూలు చుట్టిన కండె పక్కన పెట్టి కొలిచి చూసేవాణ్ణి. నిన్న ఎంతో ఇవాళా అంతే. ఎక్కువ తింటే తొందరగా పెరుగుతుందని గడ్డివాము కింద వెతికి కీచురాళ్ళు తెచ్చి వేసేవాణ్ణి. ఒకటి తిని వారంపాటు కదలకుండా ఉండేది. వానలు పడ్డాక అసలు తిండే మానేసింది. పొట్ట నల్లబడింది. నాకు భయం పుట్టి, ఒక సాయంత్రం దానికంటే పెద్ద కీచురాయిని పట్టి సీసాలో వదిలాను.

తెల్లవారితే అమావాస్య. ఆ రోజు మా ఇళ్ళలో మగ్గం ముట్టరు, గుంతలో కాలు పెట్టరు. గట్టు మీది నుంచి వంగి చూస్తే సాలెపురుగు వెల్లకిలా పడి ఉంది. కీచురాయి దాని చుట్టూ తిరిగి తిరిగి ఒక కాలి దగ్గర ఆగింది. దాని నోరు ఆడుతోంది.

నేను గుంతలోకి కాలు చాపబోతే బాపు వాళ్ళమ్మ, మా అవ్వ, వెనకనుంచి చొక్కా పట్టుకుంది.

“అమాస నాడు గుంతల దిగుతవారా? మీ తాత ఎన్నడన్న దిగిండా?”

“దాన్ని తింటాంది అవ్వా.”

“సచ్చినదాన్ని తింటే దానికేం ఎరుక?”

బాపు వచ్చి చూసి, చచ్చినట్టే ఉంది, రేపు తీసి పారేయమన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పెరట్లోకి, గడపలోకి, మళ్ళీ గట్టు దగ్గరికి తిరుగుతూనే ఉన్నాను. కర్రతో సీసాను దగ్గరికి లాగబోతే అవ్వ కర్ర గుంజుకుని, గట్టు పక్కనే పీట వేసుకుని వత్తులు చేస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా ఆమే పిలిచింది. సీసాలో సాలెపురుగులు రెండు కనిపించాయి. ఒకటి కుబుసంలా విడిచిన ఉత్త తోలు. దాని పక్కన పాలిపోయి, మెత్తగా, జర పెద్దదై, అసలుది కాళ్ళు సాగదీస్తోంది. ఒక కాలు లేదు. కీచురాయి పైన గుడ్డకు అంటుకుని ఉంది. మర్నాడు పొద్దున్నే గుంతలోకి దిగి ముందు కీచురాయిని తీశాను.

మళ్ళీ ఎండలు ముదిరాక అది ఇంకోసారి తోలు విడిచింది. కాలు పోయినచోట నూలుపోగులా సన్నగా, పొట్టిగా మరో కాలు వచ్చింది. అవ్వ సీసాను వెలుతురుకు పట్టి, గాజు మీద వేలుపెట్టి కాళ్ళు లెక్కించింది.

“మల్ల మొలిచింది,” అన్నది.

అప్పటికీ అది నా బొటనవేలి గోరు దాటలేదు. నేను పట్నం పోయేదాకా, అమావాస్య ముందునాడు బాపు మగ్గం దిగగానే అవ్వ నన్ను కేకేసి అడిగేది.

“సీసలకెల్లి కీచురాయిని తీసినవా?”