గట్టెక్కి చెయ్యూపండి

మా వదినగారి ఇల్లు గోదావరి పాయ ఒడ్డున, రేవు పక్కనే. ఎవరు ప్రయాణమైనా పడవ దాకా వచ్చి, "గట్టెక్కి చెయ్యూపండి" అనేవారు. అవతలి గట్టున చెయ్యి లేచేదాకా, ఎండైనా వానైనా కదిలేవారు కాదు.

వంతెన వచ్చి పడవ ఆగిపోయింది. వదినగారి మాట మాత్రం ఆగలేదు. రాజమండ్రి కాలేజీకి బస్సెక్కుతున్న మనవరాలికీ అదే చెప్పారు.

"ఇంకా గట్టేంటి మామ్మా, అందరూ నవ్వుతున్నారు!" అంది ఆ పిల్ల. నిజంగానే బస్సంతా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. పైన సిమెంటు పోసినంత మాత్రాన కింద గోదావరి ఎండిపోయిందా? మనిషి క్షేమం కోరే మాటకు కాలం చెల్లుతుందా? బడి మెట్లు ఎక్కలేదు గానీ, ఈపాటి ఇంగితం నాకుంది. వదినగారు మాత్రం ఆ రోజు నుంచి ఆ మాట అనడం మానేశారు. బస్సు కదిలాక వంతెన వైపే చూస్తూ ఒడ్డున నిలబడేవారు. మనవరాలు కిటికీలోంచి అది చూస్తూనే ఉండేది.

ఒక పొద్దున వంతెన అవతల నుంచి హారన్ రెండుసార్లు గట్టిగా మోగింది. సాయంత్రం బస్సు దిగగానే ఆ పిల్ల చెప్పింది:

"చెయ్యి బయట పెడితే డ్రైవరు గారు తిడుతున్నారు మామ్మా. అందుకని ఆయన్నే హారన్ కొట్టమన్నాను. వినపడిందా?"

"రెండుసార్లూ వినపడిందే" అన్నారు వదినగారు.

మర్నాడు బస్సు దగ్గర ఆవిడ గొంతు మళ్లీ లేచింది: "గట్టెక్కి హారన్ కొట్టండి!"

పడవ ఎక్కి ఎరగని మా ఊరి పిల్లలు ఇప్పుడు రైలెక్కే వాళ్లకి కూడా అదే చెబుతున్నారు.