ముప్పై నాలుగో విజిల్

డిసెంబరు మొదటి సోమవారం, ఉదయం తొమ్మిదీ పదికి జీపు నన్ను లంబసింగి ఘాట్‌రోడ్డు మలుపులో దించేసింది. ఇక ముందుకు రానన్నాడు డ్రైవరు. అక్కణ్ణుంచి నాలుగు కిలోమీటర్లు మట్టిదారి, మొత్తం ఎక్కుడే. వీపున పాత సైన్యం సంచి. అందులో రెండు కంబళ్లు, టార్చి, ఇనుప మగ్గు, ఇరవై అడుగుల నూలుతాడు, గిట్టలు గీకే కొక్కెం. నెత్తిన హోటళ్లవాళ్లు వాడే ఇరవై రెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్. ఆ కుక్కర్ తెమ్మని నాకెవరూ ఆర్డరివ్వలేదు. అది నా సొంత బుర్ర.

పదీ ఇరవైకి ఇల్లు కనిపించింది. ఎప్పుడో ఒక తెల్లదొర కాఫీ తోట కోసం కట్టించుకున్న రాతి ఇల్లు. రెండున్నర అడుగుల గోడలు, నాచు పట్టిన పెంకులు, హాల్లో మనిషి దూరేంత చలిమంట గూడు. వరండా గోడకి వరసగా ఇనప కడియాలు, అప్పట్లో దొరగారి గుర్రాల్ని కట్టేవి. గుమ్మం పైన చెక్కిన సంవత్సరం అరిగిపోయింది. ఎవరికి తోచిన శతాబ్దం వాళ్లు చదువుకోవచ్చు. ఇంటి వెనక శాల, శాల వెనక గుర్రాలు మేసే గడ్డివాలు, దాని కింద లోయ. వరండా చివర ఒక బండరాయి. ఫోన్ సిగ్నల్ దాని మీద నిలబడితేనే వస్తుంది.

ఇదీ నా పోస్టింగు. పన్నెండు రోజులు.

పోస్టింగ్ ఇచ్చింది మేడమ్. నర్సీపట్నంలో నాకు పదో తరగతి సైన్సు చెప్పినావిడ. రిటైరయ్యాక ఈ ఫారం చూసుకుంటున్నారు. ఏజెన్సీ సంతలకి మిరియాలూ పసుపూ మోసుకొచ్చే పొట్టి కొండగుర్రాలు తెలుసుగదా, వాటిని పెంచుతారు. విశాఖపట్నంలో కంటి ఆపరేషను పెట్టుకుని, వెళ్లేముందు శనివారం సాయంత్రం నాలుగున్నరకి నన్ను ఇంటికి పిలిపించారు.

"ఒరేయ్, గవ్వ నేడో రేపో ఈనేలా ఉంది. దాన్ని రాత్రిపూట శాల దాటి పోనీకు. పోయినేడు బయట ఈనింది. పిల్లని రేచుకుక్కలు లాక్కుపోయాయి. మూడు రోజులు అది గడ్డి ముట్టలేదు. నేనూ అన్నం ముట్టలేదు."

"నేనుండగా ఏటవుద్ది మేడమ్?"

"రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చెయ్యి. జరిగింది జరిగినట్టు చెప్పు. కథలొద్దు."

"నేను కథలు చెప్తానా?"

"సెలవు కోసం టెన్తులో మీ తాతని మూడుసార్లు చంపావురా."

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. మా నర్సీపట్నం అబీద్ సెంటర్లో టీ కొట్టు దగ్గర నా సరిహద్దు కథలు విన్నవాళ్లంతా నన్ను కమాండో అనుకుంటారు. నేను కాదనలేదు. పదిహేడేళ్లు నేను నడిపింది కంచరగాడిదల్ని. రోడ్డు ఆగిపోయిన చోటునుంచి కిరసనాయిలూ, పిండీ, తుపాకీ గుళ్లూ వాటి వీపున ఎక్కించి మంచులో పైకి తోలే కంపెనీ మాది. గొప్ప ఉద్యోగం. కానీ నర్సీపట్నంలో 'గాడిద' అనే మాట నోటినుంచి వచ్చాక మిగతా కథ ఎవడూ వినడు. అందుకని మింగేశాను.

మేడమ్ నన్ను పట్టేశారు. "ఫారానికి పిక్నిక్కొచ్చినప్పుడు గుర్రం వెనకనుంచి దాటుతూ దాని తుంటి మీద చెయ్యేసి దాటావు. వట్టి తుపాకీ పట్టినోడు అలా దాటడు," అన్నారు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అందుకే వెళ్లాను.

ఫారంలో బలగం ఇద్దరు. గుర్రాల తాత: పక్క కొండమీది ఊరు, డెబ్బై దాటిన మనిషి, ఎక్కుడులో నాకన్నా ముందుంటాడు. వంటావిడ: ఎస్. రాయవరం వైపునించి వచ్చి ఇక్కడే ఉండిపోయింది, నోరు పెద్దది. గుర్రాలు పదకొండు. అందులో గవ్వ ఎర్రటి ఆడగుర్రం, నుదుట గవ్వంత తెల్ల మచ్చ. పొట్ట అప్పటికే నేలకి దిగింది.

దినచర్య ఇది. ఐదున్నరకి లేవడం. ఆరింటికి శాల ఊడ్పు. ఎనిమిదికి ఉడికిన ఉలవలు, తలకి అరకిలో. తర్వాత మేత. సాయంత్రం ఐదుకి కట్టేయడం. ఉలవలు అంతవరకూ కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిసాలో ఉడికేవి, మూడు గంటలు పట్టేది. పొగ వాసనకి గుర్రాలు వాటంతటవే వచ్చేవి. నేను కుక్కర్ దించి గ్యాసు మీద పెట్టాను. ఏడు విజిళ్లు, నలభై నిమిషాలు.

"గుర్రాలకి కుక్కర్ కూడేటి బాబూ, సోద్యం కాపోతే!" అన్నాడు తాత.

"సైన్యంలో ఇలాగే తాతా. విజిలేస్తే మేత." సైన్యంలో అది నోటి విజిల్. ఆ సంగతి చెప్పలేదు.

మూడో రోజుకల్లా మొదటి విజిల్‌కే పదకొండు తలలూ ఇంటివైపు తిరిగాయి. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఐదో రోజు విశాఖనుంచి ఆరుగురు అతిథులు దిగారు. పాత ఇంట్లో బస, గుర్రాల మీద ఫోటోలు. మధ్యాహ్నం పన్నెండున్నరకి వంటావిడ వాళ్లకోసం బిర్యానీ పెట్టింది. చిన్న కుక్కర్లో. ఒక్క విజిల్ వచ్చింది.

గడ్డివాలునుంచి గుర్రాలు లేచాయి. చిక్కుడు పాదులు తొక్కుకుంటూ, ఆరేసిన దుప్పట్లు మెడలో వేసుకుంటూ వరండా ఎక్కేశాయి. ఒకటి హాల్లోకొచ్చి చలిమంట గూట్లో తల దూర్చింది. అతిథుల్లో కళ్లజోడాయన భోజనాల బల్లమీదున్నాడు, ఎప్పుడెక్కాడో ఆయనకీ తెలీదు. అబీద్ సెంటర్లో ఇది యాభై గుర్రాల కథగా చెప్పాను. పదకొండే. చివరిది గవ్వ. అంత పొట్టతో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో వగరుస్తూ నిలబడింది. దాన్ని చూశాక మాకెవరికీ నవ్వు రాలేదు.

ఆరింటికి బండరాయెక్కి రిపోర్టిచ్చాను.

"కడుపుతో ఉన్నది అలా పరిగెడితే ఏమవుతుందో తెలుసా? కుక్కర్ బంద్. బియ్యానికి కూడా వద్దు. ఇది ఆర్డరు."

"ఎస్ మేడమ్."

మర్నాటినుంచి మళ్లీ కట్టెలూ, డేగిసా, పొగా.

ఎనిమిదో రోజు సాయంత్రం నాలుగూ ఇరవైకి ఎదురు కొండవాలులో రేచుకుక్కలు కనిపించాయి. ఐదు. ఎర్రగా, గుంపుగా, తొందర లేకుండా నడిచిపోతున్నాయి. ఆ రోజు గవ్వని నేనే కట్టాను. మా కంపెనీలో ఒక ముడి ఉంది. పైనుంచి ఫిరంగి గుండు పడితే జంతువు చావకుండా, కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ఊడిపోవాలి. నా చేతులకి వేరే ముడి తెలీదు.

తాత దాన్ని చూసి తలాడించాడు. "గవ్వ మా గడుసుది బాబూ. కొస పంటితో లాగీసుకుంటాది. రెండో మెలికెయ్యి."

"పదిహేడేళ్లు ఇదే ముడి తాతా. ఒక్కటీ పోలేదు."

తొమ్మిదో రోజు ఐదూ నలభైకి శాలకెళ్లాను. తాడు నేలమీద ఉంది. కొస తడిగా ఉంది.

బయట పొగమంచు. లంబసింగి మంచంటే మీరంతా బండ్లేసుకుని ఫోటోలకెళ్తారు కదా, అది. చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. గాలి లేదు. కింద రాళ్ల దారి, గిట్ట గుర్తు కూడా దొరకదు.

అతిథుల ట్రెక్కింగు కోసం మేడమ్ కొన్న వాకీటాకీలు రెండున్నాయి. ఒకటి తాతకిచ్చాను. ఆయన లోయవైపు, నేను కాఫీ తోటవైపు. ఆరూ ఐదునుంచి పిలుస్తూ తిరిగాం.

"తాతా, ఏమైనా కనపడిందా?"

"నా కాళ్లే కనపళ్లేదు బాబూ."

ఆరున్నరకి మళ్లీ తాత గొంతు. ఈసారి మెల్లగా. "బాబూ. కిందెక్కడో ఈల ఇనపడతంది. రేచుకుక్కల ఈల. ఒకదాన్నొకటి పిలుసుకుంటన్నాయి."

"ఎంత దూరం?"

"మంచులో దూరం తెల్దు."

ఇంటికి పరిగెత్తాను. వంటావిడ డేగిసా కింద మంట ఎగదోస్తోంది. పొగ పెంకుల దాకా కూడా లేవడం లేదు, పొయ్యి చుట్టూనే కూర్చుంది. ఆ వాసన గడ్డివాలు దాటదు.

"కుక్కరెక్కించండి," అన్నాను.

"మేడంగారు వొద్దన్నారు కదేటి?"

"ఫోన్ చేసి అడిగేంత టైము లేదు."

అది పరిగెత్తి ఎక్కడో కాలు జారితే? అప్పటికే ఈని ఉంటే, పిల్లని వదిలేసి ఉలవలకోసం వచ్చేస్తే? రెండూ ఆలోచించాను. అయినా ఎక్కించమన్నాను. సైన్యంలో ఏనాడూ తప్పని ఆర్డరు మొదటిసారి తప్పాను, అదీ రిటైరయ్యాక.

ఒట్టి నీళ్లు పోశాను. వంటావిడ నా చెయ్యి పట్టుకుంది. "నీళ్ల ఆవిరికి అదొస్తాదేటి? ముక్కు లేదా దానికి? గుప్పెడు ఉలవలెయ్యండి." వేశాను. కిటికీలన్నీ తెరిచాం. ఆరూ యాభై ఎనిమిదికి మొదటి విజిల్.

నాలుగో విజిల్‌కి శాలలో మిగతా పది గుర్రాలూ తాళ్లు గుంజడం మొదలెట్టాయి. తాత వచ్చేసి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. పదకొండో విజిల్. ఏమీ లేదు. ఇరవైకి నీళ్లు తగ్గాయి. దించి, చల్లార్చి, మళ్లీ నింపి ఎక్కించాం. అందులో తొమ్మిది నిమిషాలు పోయాయి. ఆ తొమ్మిది నిమిషాల్లో కొండమీద చప్పుడన్నదే లేదు. రేచుకుక్కల ఈల కూడా ఆగిపోయింది. అది మంచికో చెడుకో తెలీలేదు.

ఇరవై ఎనిమిదికి మంట నీలం తగ్గి పసుపెక్కింది. వంటావిడ సిలిండరు వంచి పట్టుకుంది. రెండోది ఖాళీ. "ఇంకో అయిదారొస్తాయి బాబూ, అంతే," అంది. ఆవిడ నోరు అంత చిన్నగా అవడం అప్పుడే చూశాను.

ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు.

ముప్పై మూడుకి తాత చెయ్యెత్తాడు. "ఎవులూ కదలొద్దు."

ముప్పై నాలుగో విజిల్ సగం కూసి ఆగిపోయింది. గ్యాసు అయిపోయింది.

అప్పుడు వినిపించింది. రాయిమీద గిట్ట. ఒకటి. ఆగింది. మళ్లీ ఒకటి. పరిగెత్తడం లేదు. దాని వెనక ఇంకో చప్పుడు, వరస లేకుండా, ఎవరో కర్రపుల్లలు రాలుస్తున్నట్టు.

మంచులోంచి ముందు తెల్ల మచ్చొచ్చింది. తర్వాత తల. గవ్వ రెండడుగులు వేసి, ఆగి, మెడ తిప్పి వెనక్కి చూసింది. దాని తుంటి పక్కన, ఇంకా తడి ఆరని పిల్ల. కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకి పోతున్నాయి. పడింది. గవ్వ ఆగింది. లేచింది. గవ్వ నడిచింది. అలా వరండా దాకా వచ్చి, కిటికీలోంచి తల పెట్టి కుక్కర్ వాసన చూసింది.

"ఓలమ్మ, నా తల్లే!" అని వంటావిడ అక్కడే కూలబడింది. ఆ గుప్పెడు ఉలవలూ ఊదుకుంటూ నా అరచేతిలోంచి తినిపించాను. టైము ఎనిమిదికి మూడు నిమిషాలు తక్కువ. తాత కిందపడున్న తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండో మెలిక వేశాను.

సాయంత్రం ఆరింటికి బండరాయెక్కాను. ముడి సంగతి, తాత హెచ్చరిక, ఆర్డరు తప్పడం, విజిళ్లు, పిల్ల. వరసగా చెప్పాను. చెప్తుంటే నాకే అబద్ధంలా వినిపించింది. ఏ టీ కొట్టులోనూ నేనింత పెద్ద కథ చెప్పలేదు.

మేడమ్‌కి ఆపరేషను అయింది. కంటికి కట్టు, ఫోన్ ఎవరో చెవి దగ్గర పట్టుకున్నారు.

"ముడి వేసింది నువ్వేనా?"

"నేనే మేడమ్."

"ఎన్ని విజిల్స్ అన్నావు?"

"ముప్పై నాలుగు. చివరిది సగమే."

"నిజమేరా," అన్నారు. "అబద్ధమైతే గుండ్రంగా చెప్తావు. యాభై అంటావు, వంద అంటావు." మళ్లీ తనే, "ఆడా, మగా?"

"ఆడ, మేడమ్."

అవతల ఫోన్ చేతులు మారింది. "అమ్మగారు ఏడుస్తున్నారు, కట్టు తడవకూడదు, మళ్లీ చెయ్యండి," అని ఎవరో పెట్టేశారు.

పదమూడో రోజు ఉదయం పదకొండున్నరకి నర్సీపట్నంలో దిగాను. కుక్కర్ అక్కడే వదిలేశాను. దానికి ఇప్పుడు మేడమ్ ఆర్డరుంది: ఉలవలకి మాత్రమే. అబీద్ సెంటర్లో ఈ కథ చెప్తే గ్లాసులు పట్టుకుని పొర్లిపొర్లి నవ్వారు. "యుద్ధం కథలైతే నమ్మాం గానీ, ఇదెక్కడి బడాయి గురూ!" అన్నాడొకడు. ఆ నవ్వులోనే కంచరగాడిదల సంగతి కూడా చెప్పేశాను. అదీ నమ్మలేదు.

పరవాలేదు. మా ఇంట్లో రోజూ పదకొండింటికి మా ఆవిడ పప్పు పెడుతుంది. మూడు విజిళ్లు. మొదటిది కూయగానే చేతిలో ఏమున్నా నేను లేచి వీధి గుమ్మం వైపు చూస్తాను. ఎండ, స్కూటర్లు, ఎదురింటి గేటు. వాటి వెనక తెల్లగా మంచు. అందులో ముందు గవ్వంత మచ్చ. దాని పక్కన, పడి లేస్తూ, నాలుగు సన్నటి కాళ్లు.