సింకు కింద గ్లాసు

మా ఇంట్లో దీదీకి ఒక స్టీలు గ్లాసు, ఒక ప్లేటు విడిగా ఉండేవి. సింకు కింద, గిన్నెలు తోమే సబ్బు పక్కన బోర్లించి ఉండేవి. వాటిని అక్కడ పెట్టింది నేనే. ఎందుకని ఎవరైనా అడిగితే, వాళ్ళు పంది మాంసం తింటారు కదా అని చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు.

డైరీ ఫార్మ్ అనే పేటలో ఉన్న మా ఇంటికి ఆమె అప్పటికి నాలుగేళ్ళుగా పనికి వస్తోంది. ఈ దీవుల్లో అందరూ రాంచీ వాళ్ళని పిలిచే జనంలో మనిషి. వాళ్ళ తాతలు అడవిలో చెట్లు కొట్టడానికి కూలీలుగా ఓడ దిగారు. మా నాన్నమ్మా ఓడ దిగినదే, శ్రీకాకుళం వైపు నుంచి. నాకంటే చిన్నదే అయినా ఆమెను దీదీ అనేదాన్ని. నేను బడిలో పాఠాలు చెప్తాను కాబట్టి ఆమె నన్ను మేడమ్ అనేది. మా మాటలన్నీ హిందీలోనే.

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో చర్చి స్త్రీల సమాజం వాళ్ళ మిషనరీ ప్రార్థన జరిగేది. గోడకి ప్రపంచ పటం, వారానికో దేశం. ఆ దేశం ఎక్కడుందో వేలు పెట్టి చూపించే పని నాది. ముఖం కూడా ఎరగని జనం కోసం ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను, అందులో నటన లేదు. దీదీ వంటింట్లో టీ కాచి, మాకు కప్పుల్లో తెచ్చి ఇచ్చి, తన గ్లాసులో తను పోసుకుని వెనక మెట్ల మీద కూర్చునేది. చివర్లో నేను గట్టిగా ఇంకో ప్రార్థన చేసేదాన్ని: మా ఇంట్లో పనిచేసే ఈ బిడ్డకి కూడా రక్షణ ఇవ్వు ప్రభువా అని. తెలుగులో చేసేదాన్ని కాబట్టి ఆమెకి తెలియదులే అనుకునేదాన్ని.

పోయిన ఏడాది మా సంఘం వాళ్ళం హోప్ టౌన్ అవతల కొండవాలులో ఉన్న రాంచీ కుటుంబాల దగ్గరికి సువార్తకు వెళ్దామనుకున్నాం. హిందీ అందరికీ వచ్చు, కానీ పెద్దవాళ్ళు తమ సాద్రీ భాషలో చెబితేనే మనసు పెట్టి వింటారని పాస్టరయ్యగారు అన్నారు.

"అక్కా, మీ నాన్నమ్మ సాక్ష్యం నువ్వే చెప్పాలి. మీ ఇంట్లో దీదీని తీసుకొచ్చీ, ఆవిడ వాళ్ళ మాటలో చెప్తాది" అంది పాస్టరమ్మగారు.

మర్నాడు దీదీ నేల తుడుస్తుంటే విషయం చెప్పి, "నువ్వూ యేసుప్రభువు గురించి వినొచ్చు" అన్నాను.

ఆమె నడుము పట్టుకుని లేచింది. "మేడమ్, హమ్ లోగ్ తీన్ పీఢీ సే ఈసాయి హై" అంది.

మూడు తరాలుగా క్రైస్తవులట. మిన్నీ బే దగ్గర హిందీ ఆరాధనలో ప్రతి ఆదివారం పాటలు ఎత్తుకునేది ఆమేనట. నాకు తల కొట్టేసినట్టయింది. నాది ముక్కు మీద కోపం, సిగ్గు వచ్చినా కోపంగానే బయటికొస్తుంది. నాలుగేళ్ళుగా చెప్పకుండా ఏం చేశావని కసురుకున్నాను.

"ఆప్ పూఛా నహీ" అంది, తడిగుడ్డ మళ్ళీ అందుకుంటూ. నేను అడగలేదు, నిజమే.

హాల్లో పేపరు చదువుతున్న మా ఆయన అంతా విన్నాడు. "ఏటే, నాలుగేళ్ళ బట్టీ దేవుణ్ణి ఎంత తికమక పెట్టీసినావే" అని పడీపడీ నవ్వాడు. ఆ పూట ఆయనకి రెండో కప్పు టీ ఇవ్వలేదు.

ఆదివారం చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కి అవతల దిగి, జీపులో వెళ్ళాం. ఒక రేకుల వసారా కింద నలభై మంది దాకా చేరారు. నేను నిలబడ్డాను, దీదీ పక్కన నిలబడింది. నేను హిందీలో ఒక్కో వాక్యం చెప్పడం, ఆమె దాన్ని తన భాషలో చెప్పడం. ఆమెది అంత గట్టి గొంతని నాకు అప్పుడే తెలిసింది.

మా నాన్నమ్మ ఊళ్ళో కూలికెళ్ళేదని చెప్పాను. టీ కొట్టులోకి మావాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదని చెప్పాను. "మావాళ్ళకి విడిగా ఒక గ్లాసు, చూరులో దోపి ఉంచేవాళ్ళు" అన్నాను. ఎన్నోసార్లు చెప్పిన మాటే, అలవాటుగా వచ్చేసింది.

దీదీ నా వైపు చూడలేదు. కొంగు సర్దుకుని, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు వాళ్ళకి చెప్పింది. ముందు వరసలో ఒక ముసలావిడ అయ్యో అన్నట్టు తల ఊపింది.

ఇరవై ఏళ్ళుగా ఈ సాక్ష్యం చెప్తున్నాను. నాలుగేళ్ళుగా సింకు కింద గ్లాసు పెట్టాను. రెండూ నేనే చేశానన్న సంగతి ఆ వాక్యం ఆమె నోట వినేదాకా నాకు తట్టలేదు. ఆ కొట్టువాడి మీద నాకు చిన్నప్పటి నుంచీ ఎంత మంటో. తర్వాత చెప్పాల్సింది కంఠతా వచ్చు, కానీ అది వదిలేశాను. దాచుకుని నిలబడలేననిపించింది. "మై భీ..." అని మొదలుపెట్టాను. నేను కూడా ఇదే పని చేశానని అందరి ముందూ చెప్పేద్దామని.

దీదీ నా మణికట్టు పట్టుకుంది. "అది ఇక్కడ కాదు మేడమ్" అంది మెల్లగా, తెలుగులో. "ఇంట్లో చెప్పండి, నాకు చెప్పండి."

ఆమె తెలుగు మాట్లాడగా వినడం అదే మొదటిసారి. నాలుగేళ్ళు మా ఇంట్లో తిరిగిన మనిషికి తెలుగు రాకుండా ఎలా ఉంటుంది? మా శుక్రవారాలన్నీ ఆమె విన్నదే.

మిగతా సాక్ష్యం ఆమే చెప్పింది, శుక్రవారాల్లో నా నోట విన్నదే. సముద్రం దాటి వచ్చిన ఒక దొరసాని నర్సు మా గుడిసెలోకి వచ్చి, నాన్నమ్మ కుండలో నీళ్ళు అడిగి తాగడం, బోధ విన్నది తర్వాత, ముందు ఆవిడ ఆ నీళ్ళు తాగడం చూసే దేవుణ్ణి నమ్మానని నాన్నమ్మ చెప్పుకోవడం, అన్నీ. దీదీ చేతులు ఎలా కదిలాయో చూసి కథలో ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకున్నాను. ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. నేను పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

దీదీ అక్కడే తన చుట్టాలింట్లో ఆగిపోయింది. మేం ఫెర్రీలో వెనక్కి వచ్చేశాం. సంఘంలో అందరూ కూటం బాగా జరిగిందన్నారు.

సోమవారం ఆమె వచ్చే వేళ ఏడు. ఏడున్నరయింది, ఎనిమిదయింది. ఇంక రాదని ఖాయం చేసుకున్నాను. పనికి ఇంకొకరు దొరుకుతారు, అది కాదు నా బాధ. ఆ మాట చెప్పకుండానే మిగిలిపోతానేమోనని. బడికి సెలవు పెట్టి కూర్చున్నాను. ఎనిమిదీ ఇరవైకి వచ్చింది.

టేబుల్ దగ్గర కుర్చీ లాగి, మేం తాగే కప్పులో టీ పోసి పెట్టాను. ఆమె కూర్చోలేదు. నేనూ నిలబడే చెప్పాను. "దీదీ, నీకు వేరే గ్లాసు పెట్టాను. తప్పు చేశాను. నన్ను క్షమించు."

ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించింది. "రోజూ మీ గేటు దగ్గర ఆగి ప్రార్థన చేసుకుంటాను మేడమ్" అంది. "ప్రభూ, ఈ ఇంటి మీద నా మనసులో కోపం ఉండనీయకు అని. అది చేసుకోకుండా ఒక్కరోజు కూడా లోపలికి రాలేదు."

"ఈ రోజు కూడానా?" అన్నాను.

"ఆజ్ భీ" అంది, కుర్చీలో కూర్చుంటూ. "ఈ రోజు చాలాసేపు పట్టింది. అందుకే లేటయింది."