మచ్చు సీసా

నిన్న పొద్దున మా బాపట్ల కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. నాతో బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన రేపల్లె అమ్మాయికి, నీళ్ల పరీక్షల ల్యాబులో ఉద్యోగ విరమణ సన్మానం. అరవై దాటినా నాకు ఆవిడ రేపల్లె అమ్మాయే. ఫోటో కింద చప్పట్ల బొమ్మలు తోరణంలా వేలాడుతున్నాయి. నా షష్టిపూర్తి ఫోటోకి ఇందులో సగం కూడా రాలేదని నాకెందుకు గుర్తుండాలి? కొట్టువాడి కొడుకుని కదా, ఉంటుంది. చివరికి నేనూ ఒక బొమ్మ పెట్టాను, బేరం తెగక ఆఖరి రూపాయి వదులుకున్నవాడిలా.

ఆమెది రేపల్లె అవతల యానాదుల పేట. వాళ్ల నాన్న కాలవల్లో చేపలూ పీతలూ పట్టేవాడు. మాది తెనాలిలో కిరాణా కొట్టు. ఆమె చేరిన కొత్తలో కోటా సీటని వెనక బెంచీల్లో గుసగుసలాడాం. మార్కుల పట్టిక గోడకెక్కాక ఆ గుసగుస గొంతులోనే ఇరుక్కుంది. ల్యాబులో ఆమె బ్యూరెట్ గొట్టం నుంచి మందు చుక్క చుక్కగా వదిలి, రంగు మారిందా లేదా అన్నంత లేత గులాబీ దగ్గర ఆపేది. నాది ఎప్పుడూ చుక్కలు ఎక్కువై బీట్‌రూట్ రసమే. "కాస్త అటూ ఇటూగా చూసుకోండి సార్" అని బతిమాలితే, "ఇదేమన్నా మీ కొట్టనుకున్నావటయ్యా?" అనేవారు మేష్టారు. ఒకసారి మా నాన్న చీరాల నుంచి వస్తూ నన్ను చూడ్డానికి కాలేజీలో దిగాడు. ల్యాబు కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, నాకోసం తెచ్చిన జంతికల పొట్లం తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు. "ఆ పిల్లకి తూకం తెలుసురా" అన్నాడు నాతో. మా ఇంట్లో అంతకు మించిన బిరుదు లేదు. ఏళ్ల తరబడి ఆయన పక్కనే కొట్లో కూర్చున్నా ఆ మాట నాకు దక్కలేదు.

ఎరువుల కంపెనీలు పిలిచినా ఆమె ప్రభుత్వ ల్యాబులోనే చేరింది. ఎందుకని అడిగితే, "మా పేటలో బావి నీళ్లు తాగి పిల్లలు పోతే దేవుడు తీసుకుపోయాడనేవోళ్లు అన్నయ్యా. ఆ నీళ్లలో ఏముందో ఎవరూ చూళ్లేదు" అంది. ఇక జీవితమంతా అదే చూసింది, ఐసుపెట్టెలో సీసాలు పెట్టుకుని ఊరూరా బస్సులు దిగుతూ. వింటే గౌరవం కలగాలి. నాకూ కలిగింది, దాని భుజాల మీదే అసూయ ఎక్కి కూర్చుంది.

ఓ ఏడు మా వీధికే వచ్చింది. మురుగు కాలవ పక్కనున్న మా చేతిపంపు మీద ఆమెకు అనుమానం. నీళ్లు చెడ్డవని తేలితే పంపు మూసి, కొత్త కుళాయి లైను వేస్తారు. బాగున్నాయని తేలితే అదే పంపు. మా నాన్నకు ఆ నీళ్లు తప్ప గొంతు దిగవు. అప్పటికే ఆర్నెల్లుగా కడుపునొప్పితో మంచం పట్టి లేస్తున్నాడు. ఆమె ఖాళీ సీసా నా చేతికిచ్చి, "తెల్లారి మొదటి నీళ్లు కావాలి. అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి పట్టు. నువ్వు కెమిస్ట్రీ చదివినోడివి, నిన్ను నమ్మక ఎవర్ని నమ్ముతాను?" అంది. ఆ నమ్మకమే నాకు కారం రాసినట్టయింది. మా వీధి నీళ్లు మురికివని ఈమె చేత చెప్పించుకోవడమా! పైగా బస్తా మీద మంచి గింజలు పోసి, అందులోంచే మచ్చు చూపించే ఇంట్లో పుట్టాను. ఇంట్లో ఉన్న మినరల్ వాటర్ క్యాన్ వంచి సీసా నింపేశాను.

నాలుగు రోజులకి ఆమె కొట్టు ముందు నిలబడింది. "అన్నయ్యా, ఆ నీళ్లు ఎక్కడివి?"

"పంపువే. బాగున్నాయా?"

"మహా బాగున్నాయి, ఉప్పు జాడే లేదు. మన భూమిలో ఉప్పు తగలని నీళ్లు పుట్టవు."

"వచ్చింది వచ్చినట్టు రాసెయ్యమ్మా. మంచివని రాస్తే నీకేం నష్టం?"

ఆమె సంచిలోంచి ఇంకో ఖాళీ సీసా తీసింది. లోపల పడక్కుర్చీలోంచి మా నాన్న లేచొచ్చాడు. "ఏంట్రా, మచ్చు మార్చావా?"

"నువ్వు నేర్పిందేగా నాన్నా, పైన మంచివి పెట్టమని."

"అవి కొన్నది పరాయోళ్లురా సన్నాసీ! ఈ నీళ్లు తాగేది నేను."

వీధిలో నలుగురూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "రండి బాబాయ్ గారూ" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని పంపు దగ్గరికి నడిపించింది. ఆయన రొప్పుతూ పంపు కొడుతుంటే, ఆమె సీసాని మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపింది. నేను గట్టు మీద నిలబడి చూశాను. వారం తిరక్కుండా ఈ నీళ్లు తాగరాదని పంపుకి ఎర్రరంగు పడింది. వేసవికి కుళాయి వచ్చింది. నాన్న కడుపు కుదుటపడింది గాని, కుళాయి నీళ్లు చప్పగా ఉన్నాయని పోయేదాకా సణుగుతూనే ఉన్నాడు. సణుగుతూనే కొట్టుకొచ్చినవాళ్లందరికీ "మా అమ్మాయి పరీక్ష చేసిన నీళ్లండి" అని చెప్పేవాడు.

సీసా సంగతి ఆమె మా బ్యాచ్‌లో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె మీద కోపం తెచ్చుకుని నేను కాస్త తేలికపడేవాణ్ణి. ఆ వీలు కూడా ఇవ్వలేదు మహాతల్లి.

కాలం అసూయను కడిగేస్తుందని పెద్దలంటారు. నా అనుభవంలో అది కడగదు, మెల్లగా అడుక్కి దింపుతుంది. పైన తేరిన నీళ్లలో ఎదుటి మనిషి ముఖం సరిగ్గా కనబడేసరికి మన జుట్టు నెరిసిపోయి ఉంటుంది.